వేడి ఎక్కడికి పోయింది? స్థితిజ శక్తిపై ఒక పాఠకురాలి ప్రశ్నకు సమాధానం

ప్రశ్న: నేను ఇంటి దగ్గర తొమ్మిది, పది తరగతుల పిల్లలకు సైన్సు ట్యూషన్ చెబుతాను. చదివింది బి.ఏ. కాబట్టి ప్రతి పాఠాన్నీ ముందు నేను అర్థం చేసుకుని, ఆ తరువాతే వారికి చెప్పవలసి వస్తుంది. మంచు కరుగుతున్నంతసేపూ మనం ఇచ్చే వేడి అణువుల స్థితిజ శక్తిగా మారుతుందని, అందుకే ఉష్ణోగ్రత పెరగదని చెప్పాను. ఒక అమ్మాయి లేచి, "స్థితిజ శక్తి అంటే ఎమ్‌జీహెచ్ కదా టీచర్? గిన్నె కదల్లేదు, నీళ్ళు గిన్నెలోనే ఉన్నాయి. మరి ఎత్తు ఎక్కడ పెరిగింది?" అని అడిగింది. నాకు జవాబు తోచలేదు. రెండో సందేహం నాదే. కట్టెల్లో శక్తి నిల్వ ఉంటుందని, అవి మండినప్పుడు బంధాలు తెగి ఆ శక్తి బయటికి వస్తుందని ఇన్నేళ్ళుగా చెబుతున్నాను. ఇంటర్ చదువుతున్న మా అన్నయ్య కొడుకు మాత్రం, బంధం తెంచడానికి శక్తి ఖర్చవుతుందే తప్ప తిరిగి రాదంటున్నాడు. ఏది నిజం?

సమాధానం:

అమ్మా, ముందు మీ రెండో సందేహం సంగతి చెబుతాను. మీ అన్నయ్యగారి అబ్బాయి చెప్పిందే నిజం. ఏ బంధాన్ని తెంచాలన్నా శక్తి పెట్టవలసిందే. శక్తి బయటికి వచ్చేది కొత్త బంధం ఏర్పడినప్పుడే. ఇది మీ ఒక్కరి పొరపాటు కాదు, చాలా మంది ఇలాగే చెబుతారు. అయితే ఈ విషయం మనసులో స్థిరపడాలంటే ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబు దొరకాలి, ఎందుకంటే రెండు సందేహాలకూ మూలం ఒక్కటే.

ఎమ్‌జీహెచ్ (ద్రవ్యరాశి, గురుత్వ త్వరణం, ఎత్తుల లబ్ధం) అన్నది స్థితిజ శక్తికి నిర్వచనం కాదు. భూమి ఉపరితలానికి దగ్గరగా, బరువు కారణంగా కలిగే స్థితిజ శక్తిని లెక్కగట్టడానికి పనికివచ్చే సూత్రం మాత్రమే అది. మేడమీద ఉన్న రాయికి స్థితిజ శక్తి ఉందని అంటాం గాని, నిజానికి ఆ శక్తి ఒక్క రాయిది కాదు, రాయీ భూమీ కలిసిన జంటది. భూమి లాగకపోతే ఎంత ఎత్తులో ఉన్నా ఆ రాయికి ప్రత్యేకత ఏమీ లేదు. ఒకదాన్నొకటి లాగుకునేవో నెట్టుకునేవో రెండు వస్తువులుంటే, అవి ఏ అమరికలో ఉన్నాయన్నదాన్ని బట్టి వాటి మధ్య ఉండే శక్తే స్థితిజ శక్తి. మన పేరులోనే ఆ అర్థం ఉంది: స్థితి వల్ల జనించినది స్థితిజం. "ఎత్తు" అన్న మాటను పక్కన పెట్టి "అమరిక" అన్న మాట వాడమని ఆ అమ్మాయికి చెప్పండి. సగం చిక్కు అక్కడే విడిపోతుంది.

అణువుల మధ్య గురుత్వాకర్షణ లెక్కలోకి రానంత స్వల్పం. అక్కడ పనిచేసేది విద్యుదాకర్షణ. నీటి అణువులో ఆక్సిజన్ వైపు కొంచెం ఋణావేశం, హైడ్రోజన్ల వైపు కొంచెం ధనావేశం ఉంటాయి. ఒక అణువులోని హైడ్రోజన్ పక్క అణువులోని ఆక్సిజన్ వైపు లాగబడుతుంది. హైడ్రోజన్ బంధం అని మీరు చెప్పేది దీన్నే. ఈ లాగుడుకు ఎదురు పనిచేసి అణువులను విడదీస్తే స్థితిజ శక్తి పెరుగుతుంది, లాగుడుకు లొంగి అవి దగ్గరైతే తగ్గుతుంది.

ఋణ గుర్తు విషయంలో పిల్లలు తడబడతారు గనుక ఇక్కడే చేదబావిని గుర్తుచేయండి. బావి గట్టును సున్నా అనుకుంటే, ముప్పై అడుగుల లోతున ఉన్న చేద ఎత్తు మైనస్ ముప్పై. దాన్ని గట్టు మీదికి తేవాలంటే తాడు లాగాలి, అంటే శక్తి పెట్టాలి. తాడు వదిలేస్తే చేద గిలకను గిరగిరా తిప్పుతూ లోపలికి పడుతుంది, అంటే అది శక్తిని ఇస్తుంది. ఒకదానికొకటి చాలా దూరంగా ఉన్న రెండు అణువులు గట్టు మీది చేద లాంటివి. వాటి స్థితిజ శక్తిని సున్నాగా తీసుకుంటాం. దగ్గరై పట్టుకున్న అణువులు బావిలో ఉన్నట్టు. వాటి స్థితిజ శక్తి సున్నా కంటే తక్కువ. ఋణ గుర్తుకు అర్థం శక్తి మాయమైందని కాదు, పైకి రావాలంటే అంత బాకీ తీర్చాలని. ఇక బావి అడుగు కూడా ఉంది: మరీ దగ్గరికి నొక్కితే అణువులు గట్టిగా వికర్షించుకుంటాయి. అందుకే ఘనపదార్థాన్ని నొక్కి చిన్నది చేయడం అంత కష్టం.

ఇక మీ గిన్నె దగ్గరికి వద్దాం. ఈ ప్రయోగాన్ని పిల్లల ముందే చేయమని కోరుతున్నాను. ఒక స్టీలు గిన్నెలో పగలగొట్టిన మంచు ముక్కలు వేసి, కొద్దిగా నీళ్ళు పోసి, సన్న మంట మీద పెట్టండి. థర్మామీటరు గిన్నె అడుగుకు తగలకుండా పట్టుకుని, గరిటెతో కలుపుతూ ప్రతి నిమిషానికీ ఒకరి చేత అంకె చదివించండి. చివరి ముక్క కరిగేదాకా పాదరసం సున్నా దగ్గరే నిలిచిపోవడం, ఆ ముక్క మాయమైన తరువాత కదలడం మొదలుపెట్టడం పిల్లలు స్వయంగా చూడాలి. ఒక గ్రాము మంచు కరగడానికి 80 కెలోరీలు కావాలి. ఆ గ్రాము నీరు 0 నుంచి 100 డిగ్రీల సెల్సియస్‌కు వేడెక్కడానికి 100 కెలోరీలు, పూర్తిగా ఆవిరి కావడానికి 540 కెలోరీలు కావాలి. మంట మారకుండా, బయటికి పోయే వేడిని లెక్కలోకి తీసుకోకుండా చెప్పాలంటే, మంచు కరగడానికి 8 నిమిషాలు పడితే, నీళ్ళు మరగడం మొదలవడానికి ఇంకో 10 నిమిషాలు, గిన్నె పొడి కావడానికి ఆ తరువాత ఏకంగా 54 నిమిషాలు పడతాయన్నమాట. ఈ 8, 10, 54 అన్న మూడు అంకెలను బోర్డు మీద రాసి, థర్మామీటరు కదిలింది వాటిలో ఒక్క పదింటిలోనే కదా, మిగిలిన అరవై రెండు నిమిషాల వేడి ఎక్కడికి పోయిందని అడగండి.

ఉష్ణోగ్రత అణువుల సగటు గతిజ శక్తికి, అంటే కదలిక వల్ల ఉండే శక్తికి, కొలత. సున్నా డిగ్రీల మంచులోని అణువు ఎంత చురుకుగా కదులుతుందో, సున్నా డిగ్రీల నీటిలోని అణువు కూడా సగటున అంతే చురుకుగా కదులుతుంది. కాబట్టి కరిగేటప్పుడు ఇచ్చిన వేడి వాటి వేగాన్ని పెంచలేదు. అది అణువులను పాత అమరిక నుంచి తప్పించడానికి, అంటే బావిలో కొంత పైమెట్టుకు ఎక్కించడానికి ఖర్చయింది. 1760ల తొలి సంవత్సరాలలో గ్లాస్గోలో జోసెఫ్ బ్లాక్ ఈ వేడిని మొదటిసారి జాగ్రత్తగా కొలిచాడు. అదే విశ్వవిద్యాలయంలో పరికరాలు బాగుచేసే జేమ్స్ వాట్, కొద్దిపాటి ఆవిరి తన బరువుకు ఆరు రెట్ల నీటిని మరిగే స్థితికి తేగలగడం చూసి ఆశ్చర్యపోయి కారణం అడిగితే, బ్లాక్ ఈ సంగతే వివరించాడు. మనం దీన్ని గుప్తోష్ణం అంటున్నాం. చక్కటి మాటే గాని, ఒక జాగ్రత్త అవసరం: దాగి ఉన్నది వేడి రూపంలో దాగి లేదు. అది అమరికలోని శక్తిగా మారిపోయింది. తిరిగి గడ్డకట్టినప్పుడు మళ్ళీ వేడిగా బయటపడుతుంది.

ఇక్కడ చాలా పుస్తకాలు తొందరపడి ఒక వాక్యం రాస్తాయి: "కరిగినప్పుడు అణువులు దూరం జరుగుతాయి గనుక స్థితిజ శక్తి పెరుగుతుంది." ఎక్కువ పదార్థాల విషయంలో ఇది సరిపోతుంది గాని, పిల్లలకు మనం ఉదాహరణగా చూపించే నీటి విషయంలోనే ఇది తప్పు. మంచు నీటి మీద తేలుతుంది. ఒక ఘన సెంటీమీటరు మంచు బరువు సుమారు 0.92 గ్రాములే. అంటే కరిగినప్పుడు నీటి అణువులు సగటున దగ్గరకు వస్తున్నాయి. అయినా స్థితిజ శక్తి పెరుగుతోంది! కారణం మళ్ళీ అమరికే. మంచులో ప్రతి అణువూ నలుగురు ఇరుగుపొరుగులతో సరైన కోణంలో చేయి కలిపి నిలబడి ఉంటుంది. మధ్యలో ఖాళీలు ఎక్కువ, పట్టు మాత్రం గట్టిది. కరిగితే ఆ చట్రం కూలి అణువులు ఖాళీల్లోకి ఒరుగుతాయి. పక్కన చేరేవారు పెరుగుతారు గాని, పట్టులు కొన్ని తెగుతాయి, కొన్ని వంకరపోతాయి. దూరం ఒక్కటే చూస్తే ఈ లెక్క తేలదు, ఎవరు ఎటు తిరిగి ఉన్నారన్నది కూడా చూడాలి. మీ తరగతిలో తెలివైన పిల్ల ఎవరైనా "మంచు తేలుతుంది కదా టీచర్, మరి దూరం ఎలా పెరిగింది?" అని అడిగితే తడుముకోకుండా ఉండటానికే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఆవిరి కావడంలో మాత్రం దూరానిదే ప్రధాన పాత్ర. ఒక ఘన సెంటీమీటరు నీరు 100 డిగ్రీల దగ్గర ఆవిరైతే సుమారు 1,670 ఘన సెంటీమీటర్లు ఆక్రమిస్తుంది. అణువుల మధ్య దూరం సగటున పన్నెండు రెట్లు అవుతుందన్నమాట. ఆ దూరంలో ఒకదాని లాగుడు మరొకదానికి దాదాపు అందదు. కరగడంలో పట్టులు కొన్నే సడలుతాయి గనుక 80 కెలోరీలు చాలాయి. ఇక్కడ ప్రతి అణువూ గట్టు దాకా ఎక్కాలి గనుక 540 కావాలి. (నిక్కచ్చిగా చెప్పాలంటే ఈ 540లో సుమారు 40 కెలోరీలు, వ్యాకోచించే ఆవిరి చుట్టూ ఉన్న గాలిని వెనక్కి నెట్టే పనికి పోతాయి. మిగిలిన 500 అణువుల పట్టు విడిపించడానికి.) మీరు వంటింట్లో ఉండే మనిషి కాబట్టి మీకు తెలిసిన అనుభవమే దీనికి సాక్ష్యం. ఇడ్లీపాత్ర మూత తీసినప్పుడు కొట్టే ఆవిరి, అంతే వేడి ఉన్న నీళ్ళ కంటే ఎక్కువగా కాలుస్తుంది. ఒక గ్రాము మరుగునీరు చర్మం మీద పడి ఒంటి వేడికి, అంటే 37 డిగ్రీలకు, చల్లబడితే 63 కెలోరీలు ఇస్తుంది. అదే ఒక గ్రాము ఆవిరి ముందు నీరుగా మారడంలోనే 540 కెలోరీలు ఇచ్చి, ఆ తరువాత ఈ 63 కూడా ఇస్తుంది. ఉష్ణోగ్రత ఒకటే, దెబ్బ మాత్రం దాదాపు పది రెట్లు. మట్టికుండలో జరిగేది ఇందుకు తలకిందులు. కుండ గోడలోంచి ఊరిన నీటిలో బాగా వేగంగా ఉన్న అణువులు ముందుగా గాలిలోకి ఎక్కిపోతాయి, మిగిలిపోయిన వాటి సగటు వేగం తగ్గుతుంది, నీళ్ళు చల్లబడతాయి.

ఇప్పుడు మీ రెండో సందేహానికి వద్దాం. ఇంతవరకు చెప్పింది అణువుకూ అణువుకూ మధ్య ఉన్న బావి గురించి. ఒక అణువు లోపల పరమాణువుల మధ్య ఉండేది కూడా ఇలాంటి బావే, కాకపోతే చాలా లోతైనది. ఒక మోల్ నీటిని (మోల్ అంటే అణువుల లెక్కకు వాడే ఒక నిర్ణీత సంఖ్య), అంటే 18 గ్రాములను, మరగబెట్టి ఆవిరి చేయడానికి సుమారు 41 కిలోజౌళ్ళు చాలు (జౌల్ కూడా కెలోరీ లాగే శక్తికి కొలత). ఒక మోల్ హైడ్రోజన్ వాయువులోని బంధాలన్నీ తెంచి విడి పరమాణువులు చేయాలంటే 436 కిలోజౌళ్ళు కావాలి. రెండు హైడ్రోజన్ పరమాణువులు దూరం నుంచి దగ్గరవుతుంటే వాటి శక్తి తగ్గుతూ వచ్చి, కేంద్రకాల మధ్య 74 పీకోమీటర్ల (పీకోమీటరు అంటే మీటరులో లక్ష కోట్లో వంతు) దూరం దగ్గర బావి అడుగు తగులుతుంది. ఇంకా దగ్గరైతే నిట్టనిలువుగా పెరుగుతుంది. ఇది ఎందుకిలా ఉందో క్వాంటమ్ సిద్ధాంతంతో 1927లో హైట్లర్, లండన్ అనే ఇద్దరు మొదటగా లెక్కవేసి చూపారు. రసాయనంలో స్థితిజ శక్తి అన్నప్పుడు, లోపల ఎలక్ట్రాన్ల గతిజ శక్తిని కూడా కలుపుకుని, కేంద్రకాల అమరికను బట్టి మారే ఆ మొత్తం శక్తినే అలా పిలుస్తారు. పదో తరగతికి ఈ సూక్ష్మం అవసరం లేదు, మీరు తెలుసుకుని ఉంటే చాలు.

హైడ్రోజన్ మండి నీరు కావడాన్ని లెక్కవేసి చూడండి. ఒక మోల్ హైడ్రోజన్ బంధాలు తెంచడానికి 436, అర మోల్ ఆక్సిజన్ బంధాలు తెంచడానికి 249, మొత్తం ఖర్చు 685 కిలోజౌళ్ళు. ఆ పరమాణువులు కలిసి నీటి అణువులైతే, ఒక్కో అణువులో ఆక్సిజన్‌కూ హైడ్రోజన్‌కూ మధ్య రెండేసి బంధాలు ఏర్పడతాయి. ఒక్కోదానికి 463 చొప్పున రాబడి 926. మిగులు 241. కొలిచి చూసిన విలువ 242. తెంచడం ఖర్చు, కలవడం రాబడి, మంటగా కనిపించేది మిగులు. హైడ్రోజన్, ఆక్సిజన్ కలిపి సీసాలో ఊరకే ఉంచితే నీరు కాకపోవడానికీ, ఒక్క నిప్పురవ్వతో భగ్గుమనడానికీ కారణం ఇక్కడే ఉంది: లోతైన బావిలో పడాలంటే ముందు ఉన్న బావిలోంచి కొంతైనా పైకి రావాలి. ఉత్తేజన శక్తి అంటే ఆ మొదటి ఎక్కుడు.

కాబట్టి "కట్టెలో శక్తి ఉంది" అన్న వాక్యాన్ని సవరించండి. ఆ శక్తి ఒక్క కట్టెది కాదు, కట్టే ఆక్సిజనూ కలిసిన అమరికది. మేడమీది రాయికి భూమి ఎలాగో కట్టెకు గాలి అలాగ. గాలి అందకపోతే ఎంత ఎండిన కట్టె అయినా మండదు, వేడి చేస్తే బొగ్గుగా మాత్రం మారుతుంది. మండినప్పుడు కార్బన్, హైడ్రోజన్ పరమాణువులు తమ పాత పట్టులు వదిలి ఆక్సిజన్‌తో అంతకంటే గట్టి పట్టులు పడతాయి. వేడి అక్కడి నుంచి వస్తుంది.

బోర్డు మీద లెక్కతో పాటు చెప్పడానికి మన ప్రాంతంలో కళ్ళ ముందే ఉన్న ఉదాహరణ సున్నం. పల్నాడులోని పిడుగురాళ్ళ సున్నం బట్టీలకు పేరు. బట్టీలో సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే కార్బన్ డయాక్సైడ్ విడిపోయి పొడిసున్నం, అంటే కాల్షియం ఆక్సైడ్, మిగులుతుంది. 100 గ్రాముల రాయికి 178 కిలోజౌళ్ళు పెట్టాలి. బట్టీలో కాల్చిన బొగ్గు శక్తిలో ఈ భాగం ఎక్కడికీ పోలేదు, విడిపోయిన ఆ అమరికలోకి ఎక్కింది. వెల్లవేయడానికి ఆ సున్నాన్ని తొట్టిలో వేసి నీళ్ళు పోసినప్పుడు ఏమవుతుందో పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది: రాళ్ళు చిటపట పగిలి పిండిగా రాలడం, నిప్పు లేకుండానే తొట్టి సలసల కాగడం, ఆవిరి లేవడం. 100 గ్రాముల రాయి నుంచి వచ్చిన 56 గ్రాముల సున్నం నీటితో కలిస్తే 65 కిలోజౌళ్ళు వస్తాయి. 30 డిగ్రీల నీటిని 220 గ్రాముల దాకా మరిగే స్థితికి తేవడానికి అది చాలు. తరువాత గోడ మీది సున్నం నెమ్మదిగా గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి మళ్ళీ సున్నపురాయి పదార్థంగా మారుతుంది. అప్పుడు 113 కిలోజౌళ్ళు వస్తాయి గాని, ఎన్నో రోజుల మీద కొద్దికొద్దిగా రావడం వల్ల గోడ తాకితే మనకు తెలియదు. 65, 113 కలిపి చూడండి: 178. బట్టీ ఇచ్చినదంతా పైసా తేడా లేకుండా తిరిగి వచ్చింది. సున్నంలో నీళ్ళు పోయడం మాత్రం పిల్లల చేత చేయించకండి, చింది కంట్లో పడితే చూపుకే ప్రమాదం. దానికి బదులు గ్లాసు నీళ్ళలో రెండు చెంచాల యూరియా వేసి కలిపి, గ్లాసును పట్టుకోమనండి. చల్లబడుతుంది. యూరియా పలుకులోని పట్టులు విడదీయడానికి అయిన ఖర్చు, నీటితో కొత్త పట్టుల వల్ల వచ్చిన రాబడి కంటే ఎక్కువ. ఆ లోటు నీటి వేడిలోంచే తీరుతుంది. పరిసరాల నుంచి వేడి తీసుకునే మార్పు అంటే ఏమిటో పిల్లలకు చేతికే తెలుస్తుంది. అయ్యాక చేతులు కడిగించండి, గ్లాసును వంటింట్లోకి తేవద్దు.

వచ్చే పాఠంలో ఆ అమ్మాయిని పిలిచి బోర్డు మీద ఒక దిగుడుబావి గీయమనండి. ఈసారి సున్నాను విడి పరమాణువుల దగ్గర కాకుండా ఇక్కడ పెట్టుకుని, గట్టు మీద ఒక మోల్ హైడ్రోజన్, అర మోల్ ఆక్సిజన్ ఉన్నాయని రాయించండి. వాటికి 242 కిలోజౌళ్ళ దిగువన ఒక మెట్టు, దాని మీద నీటి ఆవిరి. అక్కడి నుంచి 44 కిలోజౌళ్ళ దిగువన నీరు. (గది ఉష్ణోగ్రత దగ్గర బాష్పీభవనానికి 41 కాదు, 44 కావాలి.) దానికి ఇంకో 6 కిలోజౌళ్ళ దిగువన మంచు. మండినప్పుడు ఆవిరి ఆవిరిగానే బయటికి పోతే 242, అది నీరుగా మారితే 286 అని రెండు విలువలు పుస్తకాల్లో ఎందుకు కనిపిస్తాయో ఆ బొమ్మే చెబుతుంది. మంట, మరగడం, కరగడం మూడు వేరువేరు పాఠాల్లో ఉన్నా ఇక్కడ ఒకే బావికి మూడు మెట్లు. ఎత్తు ఎక్కడ పెరిగిందని కదా ఆ అమ్మాయి అడిగింది: అన్నిటికంటే కింద ఉన్న ఆ 6 కిలోజౌళ్ళ చిన్న మెట్టు మీద వేలు పెట్టించండి.